పెళ్లి వీసాకి ముందు పెళ్లి కాలేదని చూపించాలి: శ్రీకాకుళం నుంచి ఒక కే-1 కేసు

అమెరికా పౌరుణ్ణి లేదా పౌరురాలిని పెళ్లి చేసుకోవడానికి అక్కడికి వెళ్లేవాళ్లకి ఇచ్చేది కే-1 వీసా. దీని కోసం నా దగ్గరికి వచ్చే కుటుంబాలు ముందుగా అడిగేది అబ్బాయి జీతం ఎంతుండాలి, ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు, ఎన్నాళ్లు పడుతుంది అని. అవన్నీ తర్వాతి సంగతులు. ఈ వీసా మొత్తం ఒక్క ప్రశ్న మీద ఆధారపడి ఉంది: ఈ ఇద్దరూ ఇవాళ్టికి ఎవరితోనూ పెళ్లయి లేరా? ఎవరితోనూ అంటే పాత మనిషితోనూ కాదు, ఇప్పుడు చేసుకోబోతున్న మనిషితోనూ కాదు.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ ప్రశ్న రెండు చోట్ల ఇరుక్కుంటుంది. ఊరి పెద్దల సమక్షంలో తెగిపోయిందనుకున్న పాత పెళ్లి చట్టం దృష్టిలో తెగి ఉండదు. ఇంకా జరగని కొత్త పెళ్లి ఫొటోల్లో జరిగిపోయినట్టు కనిపిస్తుంది. ఈ కేసులో ఆ రెండూ ఒకే అమ్మాయికి వచ్చాయి కాబట్టి వివరంగా రాస్తున్నాను. కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నా, పేర్లు రాయడం లేదు, గుర్తుపట్టేలా ఉన్న కొన్ని సంగతులు మార్చాను.

నా పని ఏమిటో కూడా చెప్పాలి. శ్రీకాకుళంలో వీసా కాగితాలు సిద్ధం చేయడం, వాటిలో తేడాలుంటే ముందే పట్టుకోవడం, ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లని కూర్చోబెట్టి మాట్లాడించడం నా పని. అమెరికా ఇమిగ్రేషన్ చట్టం మీద సలహా ఇచ్చింది, పిటిషన్ వేసింది అబ్బాయి అక్కడ పెట్టుకున్న అటార్నీ. విడాకుల పని ఇక్కడి అడ్వకేటు చూశారు.

అమ్మాయిది ఆమదాలవలస దగ్గర పల్లెటూరు, డిగ్రీ చేసి ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేస్తోంది. అబ్బాయి వాళ్లది బొబ్బిలి వైపు, చిన్నప్పుడే తండ్రి ఉద్యోగం వల్ల అమెరికా వెళ్లిపోయాడు. సంబంధం తెచ్చింది అబ్బాయి మేనత్త. ఆవిడ డబ్బు తీసుకోలేదు, బంధుత్వం కొద్దీ మాట కలిపింది. ఇది ఎందుకు చెబుతున్నానంటే కే-1 పిటిషన్ వేసే ఐ-129ఎఫ్ ఫారంలో మ్యారేజ్ బ్రోకర్ ద్వారా కలిశారా అనే ప్రశ్న ఉంది, దానికి నిజం రాయాలి. ఫీజు తీసుకునే పేరయ్య మధ్యలో ఉంటే ఆ సంగతి అటార్నీకి ముందే చెప్పండి, ఆ ప్రశ్నకి ఏం రాయాలో ఆయన చూస్తారు.

2022 సంక్రాంతికి అబ్బాయి వచ్చాడు, విజయనగరంలో ఫంక్షన్ హాలు తీసుకుని నిశ్చితార్థం ఘనంగా చేశారు. అయితే అప్పటికి అతనికి గ్రీన్ కార్డే ఉంది. కే-1 పిటిషన్ పౌరసత్వం ఉన్నవాళ్లు మాత్రమే వేయగలరు. 2023లో పౌరసత్వ ప్రమాణం అయ్యాక అమ్మాయి, వాళ్ల నాన్నగారు నా దగ్గరికి వచ్చారు. ఆయన రిటైర్డ్ జూట్ మిల్లు ఉద్యోగి, మాటల మనిషి కాదు, ప్లాస్టిక్ కవర్లో కాగితాలన్నీ వరసగా పెట్టుకుని తెచ్చారు. పాస్‌పోర్టు, టెన్త్ సర్టిఫికెట్, ఆధార్, నిశ్చితార్థం ఆల్బమ్, అన్నిటికంటే అడుగున మడిచిన ఒక స్టాంపు కాగితం.

పాస్‌పోర్టు చివరి పేజీలో భర్త పేరు ఉంది. ఎవరిదని అడిగితే అమ్మాయి తలొంచుకుంది, నాన్నగారు ఆ స్టాంపు కాగితం తీసి నా ముందు పెట్టారు.

వంద రూపాయల కాగితం. 2018 నాటిది. పెద్దమనుషుల సమక్షంలో ఉభయులం ఇష్టపూర్వకంగా విడిపోతున్నామని, పెట్టినవి తెచ్చుకున్నామని, ఇకపై ఒకరి మీద ఒకరికి ఏ హక్కూ లేదని, ఎవరైనా మారుమనువు చేసుకోవచ్చని నీలి సిరాతో గుండ్రని అక్షరాల్లో రాసి ఉంది. కింద అమ్మాయి సంతకం, ఆ మొదటి భర్త సంతకం, రెండు వైపులా తండ్రులవి, ఆ కింద ఊరి పెద్దలవి, సంతకం రానివాళ్ల ఊదారంగు వేలిముద్రలు. ఎవరిని ఎవరూ మోసం చేయాలని రాసిన కాగితం కాదది. ఏడాది కూడా నిలవని పెళ్లిని రెండు కుటుంబాలు గొడవ లేకుండా ముగించుకున్నాయి, ఊరు సాక్ష్యం చెప్పింది.

"ఊరి పెద్దలంతా ఉన్నారు కదమ్మా, ఇంకేటి గావాల?" అన్నారు నాన్నగారు.

కోర్టు డిక్రీ కావాలి. హిందూ వివాహ చట్టం 1955 ప్రకారం పెళ్లయిన వాళ్లు విడిపోవాలంటే కోర్టు ఇచ్చిన విడాకులే విడాకులు. అదే చట్టంలో సెక్షన్ 29(2) కులాచారంగా వస్తున్న విడాకులను కాపాడుతుంది, నిజమే. కానీ ఆ ఆచారం తమ కులంలో తరతరాలుగా నడుస్తోందని కోర్టులో రుజువు చేయాలి, స్టాంపు కాగితం ఉన్నంత మాత్రాన ఆచారం రుజువైపోదు. అమెరికా ఇమిగ్రేషన్ వాళ్లకి ఆ ఆచారాన్ని నిరూపించడం ఇంకా కష్టం. చాలామందికి తట్టని ఇంకో సంగతి ఉంది. వీసా గొడవే లేకుండా ఇక్కడే ఇంకో పెళ్లి చేసినా, మొదటి భర్త బతికుండగా, కోర్టు విడాకులు లేకుండా చేసిన ఆ పెళ్లి చట్టం ముందు చెల్లదు. కాబట్టి ఇది అమెరికా పెట్టిన కొత్త ఇబ్బంది కాదు. మన దగ్గర పనయిపోయిందనుకున్నది నిజానికి కానే లేదు.

ఇక్కడ నాకు కోపం తెప్పించిన విషయం ఒకటి చెప్పాలి. నా దగ్గరికి రాకముందు వీళ్లు ఒక కన్సల్టెంట్ దగ్గరికి వెళ్లారు. "మొదటి పెళ్లి రిజిస్టర్ కాలేదు కదా, ఎవరికి తెలుస్తుంది, అవివాహిత అని రాసేయండి, పాస్‌పోర్టు మార్పించుకోండి, ఆ కాగితం చించేయండి" అని చెప్పాడట. ఇలాంటి సలహా ఎవరు ఇచ్చినా ఆ గడప దిగి వచ్చేయండి. పాత పెళ్లిళ్ల గురించి ఐ-129ఎఫ్ అడుగుతుంది, వీసా అప్లికేషన్ ఫారం డీఎస్-160 అడుగుతుంది, ఇంటర్వ్యూలో ప్రమాణం చేయించి మరీ అడుగుతారు. వీసా కోసం ముఖ్యమైన విషయం దాచి అబద్ధం చెప్పారని తేలితే అమెరికా చట్టంలో దానికి కాలపరిమితి లేని నిషేధం ఉంది, జీవితాంతం వెంటాడుతుంది, మినహాయింపు అడగాలంటే వేరే పెద్ద యుద్ధం. మొదటి పెళ్లి విఫలం కావడం వీసాకి అడ్డం కాదు, ఎన్నో వేల మంది విడాకులైన వాళ్లు వెళ్తున్నారు. దాచడమే అడ్డం. అదీకాక పాత పాస్‌పోర్టులో భర్త పేరు ప్రింటై ఉండగా ఎవరికీ తెలియదని ఎలా అంటారు?

అబ్బాయికి తెలుసా అని అమ్మాయిని ఒంటరిగా కూర్చోబెట్టి అడిగాను. "మొదటి ఫోన్‌లోనే చెప్పాను మేడమ్, స్టాంపు కాగితం ఫొటో కూడా పంపాను" అంది. అప్పుడు నాకు ఈ కేసు నిలుస్తుందని నమ్మకం కలిగింది.

విడాకులకు మొదటి భర్త కూడా రావాలి. పరస్పర అంగీకారం మీద వేసే పిటిషన్, అంటే సెక్షన్ 13బి, ఇద్దరి సంతకాలతోనే నడుస్తుంది. అతను గుజరాత్‌లో పనిచేస్తున్నాడు, వాళ్ల అమ్మ మొదట ససేమిరా అంది, అయిపోయిన సంగతి మళ్లీ కోర్టుకెక్కించడం ఏమిటని. ఆమె భయం నాకు అర్థమైంది, కోర్టు అంటే కేసు, కేసు అంటే పోలీసులు అనే లెక్క మన ఊళ్లలో ఇంకా ఉంది. అడ్వకేటు గారు చెప్పిన ఒక్క మాట పనిచేసింది: మీ అబ్బాయికీ సంబంధాలు చూస్తున్నారు, ఈ డిక్రీ లేకుండా చేస్తే రేపు ఆ పెళ్లీ చెల్లదు, ఈ కాగితం మీకూ అంతే అవసరం. తర్వాత అతనే సెలవు పెట్టి వచ్చాడు.

మామూలుగా ఈ పిటిషన్‌లో మొదటి హాజరుకీ రెండోదానికీ మధ్య ఆరు నెలలు ఆగాలి. ఆ ఆరు నెలలు తప్పనిసరి ఏమీ కాదని, ఇద్దరూ చాలాకాలంగా విడిగా ఉండి, లెక్కలన్నీ తేలిపోయి, మళ్లీ కలిసే అవకాశం లేదనిపిస్తే కోర్టు మినహాయించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. వీళ్లు విడిపోయి అప్పటికే ఐదేళ్లు. ఆ మినహాయింపు అడిగారు, ఇచ్చారు. పిటిషన్‌లో 2018 నాటి పెద్దల ఒప్పందం గురించి ఉన్నదున్నట్టు రాయించారు అడ్వకేటు గారు. 2024 మొదట్లో డిక్రీ వచ్చింది. సర్టిఫైడ్ కాపీలు ఒకటి కాదు, నాలుగైదు తీసుకోమని చెప్పాను, తర్వాత ప్రతి ఆఫీసులోనూ అదే అడిగారు. దానితో విశాఖపట్నం పాస్‌పోర్టు ఆఫీసు ద్వారా భర్త పేరు లేకుండా కొత్త పాస్‌పోర్టు వచ్చింది.

డిక్రీ చేతికి రాగానే నాన్నగారు స్టాంపు కాగితం చించేయబోయారు, ఇంక దీంతో పనేటి అని. నేను తీసి ఫైల్లో పెట్టాను. కోర్టు పిటిషన్‌లో ప్రస్తావన ఉన్న కాగితం ఏదైనా చేతిలో ఉండాలి.

ఈ మధ్యలో కుటుంబంలో ఇంకో చర్చ నడిచింది. ఇక్కడే పెళ్లి చేసేసి భార్యగా పంపితే పోలేదా? ఇది మంచి ప్రశ్న, చాలామందికి నేను ఆ దారే చెబుతాను. పెళ్లి చేసుకుని భార్య కోసం ఐ-130 పిటిషన్ వేస్తే అమ్మాయి అక్కడ దిగిన రోజు నుంచే పర్మనెంట్ రెసిడెంట్, ఉద్యోగం చేసుకోవచ్చు, ఊరికి వచ్చి పోవచ్చు. కే-1లో అలా కాదు, వెళ్లాక పెళ్లి, తర్వాత మళ్లీ గ్రీన్ కార్డు కోసం ఐ-485 అప్లికేషన్, దానికి వేరే ఫీజు, పని చేయడానికి వేరే పర్మిట్. మొత్తం మీద ఖర్చు కే-1కే ఎక్కువ. అయినా వీళ్లు కే-1 ఎంచుకోవడానికి బలమైన కారణం ఉంది. అబ్బాయి తల్లికి డయాలసిస్ జరుగుతోంది, విమానం ఎక్కే పరిస్థితి లేదు, ఆవిడ కళ్లముందు పెళ్లి జరగాలని అబ్బాయి పట్టు. అమ్మాయి కూడా అదే కోరుకుంది. అలాంటప్పుడు ఖర్చు లెక్కలు పక్కన పెట్టాల్సిందే.

బంధువుల్లో ఒకాయన మధ్యేమార్గం చెప్పాడు: అబ్బాయి వచ్చినప్పుడు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకాలు పెట్టించేసి సర్టిఫికెట్ తీసుకుందాం, తంతు అమెరికాలో చేసుకుంటారు. ఇది ఈ మధ్య బాగా వినిపిస్తున్న ఆలోచన, అందుకే గట్టిగా చెబుతున్నా. హిందూ వివాహ చట్టం కింద రిజిస్ట్రేషన్ అనేది జరిగిన పెళ్లికి రుజువు మాత్రమే, తంతు జరగకుండా తీసుకున్న సర్టిఫికెట్ వల్ల పెళ్లి అయినట్టు కాదని సుప్రీంకోర్టు 2024లో తేల్చి చెప్పింది. తంతు లేకుండా చేసుకోవాలంటే స్పెషల్ మ్యారేజ్ చట్టం ఉంది, కానీ ఇద్దరిలో ఒకరు ఆ జిల్లాలో కనీసం ముప్ఫై రోజులు ఉండి నోటీసు ఇవ్వాలి, నోటీసు తర్వాత మరో ముప్ఫై రోజులు ఆగాలి. అమ్మాయి ఇక్కడే ఉంటుంది కాబట్టి మొదటిది కుదిరినా, కొద్దిరోజుల సెలవు మీద వచ్చే అబ్బాయికి ఆ మొత్తం లెక్క ఇబ్బందే. అసలు సంగతి, ఏ పద్ధతిలో సంతకం పెట్టినా కే-1 అక్కడితో పోయినట్టే. కాబోయే భార్యగా వెళ్లాలి, లేదా భార్యగా వెళ్లాలి. రెండూ కలిపితే రెండూ పోతాయి.

ఇక ఆల్బమ్. నేను ఎక్కువ సమయం పెట్టింది దీని మీదే.

పట్టుచీర, పూలజడ, నడుముకి వడ్డాణం, అబ్బాయికి షేర్వాణీ, ఇద్దరి మెడలో పెద్ద గులాబీ దండలు, తల మీద అక్షింతలు పడుతుండగా చేతులు జోడించి నిలబడ్డారు. వెనకాల స్టేజి మీద తెల్లని పూల మధ్య ఎర్రని బంతులతో ఇద్దరి పేర్లూ గుచ్చారు, ఆ రెండు పేర్ల మధ్య అరచేయంత అక్షరాలతో 'వెడ్స్' అని ఉంది. డెకరేషన్ వాళ్ల దగ్గర ఆ పలక రెడీగా ఉంటుంది, నిశ్చితార్థమైనా పెళ్లైనా అదే పెట్టేస్తారు. చూసే మనకి అది నిశ్చితార్థమని ఇట్టే తెలుస్తుంది, తాళిబొట్టు లేదు, బాసికం లేదు, జీలకర్ర బెల్లం లేదు. ముంబైలోని అమెరికా కాన్సులేట్‌లో అద్దం వెనక కూర్చున్న వీసా ఆఫీసరుకి అది పెళ్లి ఫొటో. పైగా దాని కింద ఫేస్‌బుక్‌లో పెదనాన్న కొడుకు 'హ్యాపీ మ్యారీడ్ లైఫ్ అక్కా' అని పెట్టాడు.

భారతీయుల కే-1 కేసుల్లో ఇది నిజమైన ప్రమాదం. అప్పటికే పెళ్లైందని కాన్సులేట్‌కి అనిపిస్తే వీసా ఇవ్వకుండా పిటిషన్‌ని వెనక్కి అమెరికా పంపేస్తారు, మళ్లీ మొదటి నుంచి మొదలు. అందుకే కే-1 ఆలోచన ఉన్నవాళ్లకి నేను చెప్పేది, నిశ్చితార్థం ఇంట్లో చేయండి, తాంబూలాలు మార్చుకోండి, ఉంగరాలు తొడగండి, లగ్నపత్రిక చదివించండి, దండలు మాత్రం వద్దు, హాలు వద్దు, ఆ పలక అసలే వద్దు. తర్వాత ఎన్ని అఫిడవిట్లు రాసినా మొదట చూసిన ఫొటో ముద్ర చెరగదు.

ఇక్కడ మాత్రం ఫంక్షన్ అయిపోయి ఏడాదిన్నర. ఫొటోలు దాచేద్దాం, ఎలాగూ పిటిషన్‌లో పెట్టం అన్నాడు అమ్మాయి తమ్ముడు. అటార్నీదీ నాదీ ఒకే మాట, దాచొద్దు. నిశ్చితార్థం ఎప్పుడు, ఎలా జరిగిందని అడగకుండా ఉండరు, ఫోన్‌లో ఉన్నవి ఎక్కడికీ పోవు. దానికి బదులు వివరణ గట్టిగా ఇద్దామన్నాం. పురోహితుడు గారు తన లెటర్‌హెడ్ మీద ఆ రోజు ఏ తంతు చేయించారో, ఏది చేయించలేదో రాసిచ్చారు: గణపతి పూజ, లగ్నపత్రిక, తాంబూలాలు చేయించాను, జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు, సప్తపది చేయించలేదు అని. సప్తపది పెళ్లిలో భాగంగా ఉన్నచోట ఏడో అడుగుతోనే పెళ్లి పూర్తవుతుందని హిందూ వివాహ చట్టం సెక్షన్ 7లోనే ఉంది కాబట్టి ఆ వాక్యానికి బరువుంది. ఫంక్షన్ హాలు రసీదులో 'ఎంగేజ్‌మెంట్' అని ఉంది, అది పెట్టాం. రెండు వైపులా తల్లిదండ్రులు అఫిడవిట్లు ఇచ్చారు. ఫేస్‌బుక్ పోస్టు తీయించలేదు, తీస్తే దాచినట్టుంటుంది. అది ఎవరు పెట్టారో, ఎందుకు అలా రాశారో అమ్మాయి నోటితో చెప్పగలిగేలా ఉంటే చాలు.

అయితే 2022 నిశ్చితార్థం ఇంకో రకంగా పనికిరాకుండా పోయింది. పిటిషన్ వేసే తేదీకి ముందు రెండేళ్లలో ఇద్దరూ ముఖాముఖి కలిసి ఉండాలి. వీడియో కాల్స్ ఎన్నైనా లెక్కలోకి రావు. విడాకులు తేలేసరికి ఆ రెండేళ్లు దాటిపోయాయి. అబ్బాయి మళ్లీ రావాలి, కొత్త ఉద్యోగంలో సెలవు దసరాకి గానీ దొరకలేదు. దసరా తర్వాతి మంగళవారం విజయనగరంలో పైడితల్లి సిరిమానోత్సవం కదా, సరిగ్గా ఆ వారం వచ్చాడు.

ఈసారి ఫొటోలు ఎలా ఉండాలో ముందే మాట్లాడుకున్నాం. సిరిమాను తిరుగుతుంటే జనంలో నిలబడి రెండు కుటుంబాలూ తీసుకున్న ఫొటో నాకు ఈ ఫైలు మొత్తంలో నచ్చిన సాక్ష్యం. వెనక సిరిమాను కనిపిస్తోంది, ఆ ఉత్సవం ఏ రోజు జరిగిందో ఎవరైనా సరిచూసుకోవచ్చు, అమ్మాయి మామూలు చుడీదార్‌లో ఉంది, పాపిట్లో కుంకుమ లేదు, కాళ్లకి మెట్టెలు లేవు. దానికి తోడు బోర్డింగ్ పాసులు, పాస్‌పోర్టులో ఇమిగ్రేషన్ ముద్రలు, బొబ్బిలిలో భోజనాల ఫొటో. అరసవల్లి దర్శనానికి వెళ్లినప్పుడు గుళ్లో ఇచ్చిన దండ ఇద్దరి మెడలో వేయబోతే అమ్మాయి చేతిలోకి తీసుకుందట. ఆ రోజు నానమ్మ మాత్రం బాధపడ్డారు, ఇంత దూరం వచ్చాడు, సూర్యనారాయణస్వామి ఎదుట మూడు ముళ్లు వేయించేస్తే నా కళ్లు చల్లబడతాయి కదా అని. ఆవిడకి ఎనభై దాటాయి, మనవరాలి పెళ్లి చూడలేనని తెలుసు. ఈ వీసా అడిగే అసలు ధర ఇదేనని నాకనిపిస్తుంది, దాన్ని ఏ ఫీజు పట్టికలోనూ రాయరు. నేను వెళ్లి ఆవిడ పక్కన కూర్చుని చెప్పాను, ఇక్కడ ముడి పడితే అక్కడికి దారి మూసుకుపోతుందమ్మా అని. ఒప్పుకున్నారు, ఇష్టంగా కాదు.

2024 నవంబరులో పిటిషన్ వేశారు, అప్పటికి ఫీజు 675 డాలర్లు. వచ్చిన తొంభై రోజుల్లో పెళ్లి చేసుకుంటామని ఇద్దరూ విడివిడిగా సంతకం చేసిన లేఖలు, డిక్రీ, కలిసిన ఆధారాలు అందులో ఉన్నాయి. ఆమోదం వచ్చాక కేసు నేషనల్ వీసా సెంటర్ మీదుగా ముంబై కాన్సులేట్‌కి వెళ్లింది.

ఆ తర్వాతి కాగితాలు మామూలువే. డీఎస్-160, 265 డాలర్ల వీసా ఫీజు, పాస్‌పోర్టు ఆఫీసు ఇచ్చే పోలీస్ క్లియరెన్స్, అమ్మాయి ఖర్చు భరిస్తానని అబ్బాయి రాసి పంపిన ఐ-134, అతని ట్యాక్స్ రిటర్నులు. కే-1 దశలో ఆదాయం అమెరికా పేదరిక పరిమితికి సమానంగా ఉంటే సరిపోతుంది, 2025 లెక్కలో ఇద్దరికి 21,150 డాలర్లు, పెళ్లయ్యాక గ్రీన్ కార్డు దశలో అలాంటి హామీకే వేసే ఐ-864కి అది 125 శాతం కావాలి. అబ్బాయికి తల్లిని కూడా చూసుకోవాలి కాబట్టి ముగ్గురి లెక్క వేశాం. జనన ధ్రువపత్రం మాత్రం కాస్త తిప్పింది. పంచాయతీ రిజిస్టర్లో పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు ఉన్నాయి, బిడ్డ పేరు గడి ఖాళీ. మన పాత రిజిస్టర్లలో ఇది చాలా మామూలు. పేరు చేర్పించుకోవడానికి పద్ధతి ఉంది, ఇంటర్వ్యూ తేదీ వచ్చాక పరుగెత్తకుండా మొదటి నెలలోనే మొదలుపెట్టండి.

ఇంటర్వ్యూకి జవాబులు బట్టీ పట్టించడం నాకు ఇష్టం ఉండదు. అమ్మాయిని కూర్చోబెట్టి తన కథ తనకే వరసగా చెప్పించాను, తేదీలతో. మొదటి పెళ్లి దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ గొంతు తగ్గిపోయేది. నేరం చేసినట్టు చెప్పొద్దమ్మా, జరిగింది జరిగినట్టు చెప్పు అన్నాను. ఇది కాగితాల కంటే కష్టమైన పని.

నాన్నగారు, అమ్మాయి శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో కోణార్క్ ఎక్కి ముంబై వెళ్లారు. వేలిముద్రలు, ఫొటో, ప్యానెల్ డాక్టర్ దగ్గర మెడికల్, ఆ తర్వాత బాంద్రా కుర్లా కాంప్లెక్స్‌లో ఇంటర్వ్యూ. బయటికి వచ్చాక అమ్మాయి నాకు ఫోన్లో చెప్పింది ఇది. ఆఫీసరు డిక్రీ చూసి, "2018లో విడిపోయామంటున్నారు, విడాకులు 2024లో ఉన్నాయి, మధ్యలో 2022లో నిశ్చితార్థం. ఎలా?" అని అడిగింది. "మా ఊరి పెద్దలు రాసిచ్చిన కాగితమే విడాకులు అనుకున్నాం మేడమ్. కోర్టుకి వెళ్లాలని తర్వాత తెలిసింది, తెలిశాక వెళ్లాం" అంది మా అమ్మాయి. తర్వాత దండల ఫొటో తీసి ఇది పెళ్లి కాదా అని అడిగిందట. కాదు, మా పెళ్లిలో తాళి కడతారు, జీలకర్ర బెల్లం పెడతారు, ఇందులో అవేవీ లేవు, పురోహితుడి లేఖ ఉంది అని చూపించింది. ఆఫీసరు ఆ లేఖ చదివి, కోర్టు పిటిషన్ తిరగేసి, అందులో ప్రస్తావించిన 2018 ఒప్పందం ఎక్కడ అని అడిగింది.

అసలు కాగితం శ్రీకాకుళంలో నా ఫైల్లో ఉంది. 221(జి) కాగితం ఇచ్చి, ఆ ఒప్పందం అసలు ప్రతి, ఇంగ్లీషు అనువాదం సమర్పించమన్నారు. 221(జి) అంటే తిరస్కరించారని ఊళ్లో పుకారు పుట్టింది, నాన్నగారికి బీపీ పెరిగింది. అది చాలాసార్లు ఫలానా కాగితం వచ్చేదాకా కేసు ఆపామని చెప్పే కాగితమే, దాని మీద ఏం టిక్ పెట్టారో చదివితే టెన్షన్ సగం తగ్గుతుంది. స్టాంపు కాగితాన్ని ఊదారంగు వేలిముద్రలతో సహా, అనువాదం చేసినవాళ్ల ధ్రువీకరణ జతచేసి, వాళ్లు చెప్పిన పద్ధతిలో పంపాం. ఆ కాగితం, కోర్టు పిటిషన్, అమ్మాయి చెప్పిన మాట మూడూ ఒకటే చెప్పాయి. పాస్‌పోర్టు వీసాతో తిరిగి వచ్చింది.

కే-1 వీసాకి మామూలుగా గడువు ఆరు నెలలు, ఒక్కసారే ప్రవేశం. దిగిన తొంభై రోజుల్లో పిటిషన్ వేసిన మనిషినే పెళ్లి చేసుకోవాలి, వేరేవాళ్లని చేసుకుని అక్కడ ఉండిపోవడానికి లేదు, గడువు పొడిగించరు. వీళ్లు అబ్బాయి తల్లి కళ్లముందే గుళ్లో పెళ్లి చేసుకుని, కౌంటీ ఆఫీసు నుంచి సర్టిఫికెట్ తీసుకున్నారు. నానమ్మ వీడియో కాల్లో చూశారు.

ఇప్పుడు ఐ-485 వేసి ఉన్నారు, దానికి 1,440 డాలర్లు, వర్క్ పర్మిట్ కోసం ఐ-765, ప్రయాణ అనుమతి కోసం ఐ-131 కూడా వేశారు. మొన్న అమ్మాయి తమ్ముడు వచ్చి వేసవిలో తన పెళ్లికి అక్క రావచ్చా అని అడిగాడు. ఆ ప్రయాణ అనుమతి చేతికి రాకముందు దేశం దాటితే ఐ-485 వదిలేసుకున్నట్టు లెక్క. అది వచ్చాకే టికెట్ తీసుకోమని, ముహూర్తం వీలైతే కాస్త ఆలస్యంగా పెట్టుకోమని చెప్పి పంపాను.